ఊరి చరిత్రను ఊరే అడిగితే

రెండు వందల ఏళ్ల కిందట గుంటూరు సీమలో ఊరూరికీ కొందరు మనుషులు వచ్చి కరణాలను కదిపారు. ఈ ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, రెడ్డిరాజుల తర్వాత ఏలుబడి ఎవరిది, పొలిమేర ఎక్కడిదాకా, మాన్యాలు ఎవరెవరికి ఉన్నాయి అని అడిగారు. కరణాలు తమ దగ్గరున్న కవిలెలు (ఊరి లెక్కల కట్టలు) విప్పి, తెలిసింది, విన్నది కలిపి రాసిచ్చారు. ఆ పని చేయించినవాడు కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయి, 1821లో చనిపోయేదాకా అదే పదవిలో ఉన్నాడు. తిరిగి, అడిగి, రాయించినవాళ్లు మాత్రం మన ఏలూరు కావలి సోదరులు, వారి కింది మనుషులు. అన్న వెంకట బొర్రయ్య 1803లో పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. అలా పోగైనవే కైఫీయత్తులు. పల్నాటి మారుమూల పల్లెకు కూడా నాలుగు పుటల చరిత్ర ఉందంటే అది వాళ్ల చలవే.

కైఫీయత్తులంటే నాకు గొప్ప గౌరవం. అయితే వాటిని చదువుతున్నకొద్దీ మూడు లోట్లు కనిపిస్తాయి. ప్రశ్నలు ఊరివి కావు, కుంపిణీ దొరవి. జవాబు చెప్పింది దాదాపుగా కరణం ఒక్కడే. కాపు, కుమ్మరి, మాదిగ, ఇంటి ఆడవాళ్లు ఏం చెప్పేవారో మనకు దక్కలేదు. చివరికి రాసిన కాగితం ఊళ్లో ఉండలేదు. మద్రాసుకో, లండనుకో పోయింది. తన గురించి తను చెప్పింది చూసుకోవడానికి ఊరికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

ఈ మూడింటినీ తిరగేస్తే వచ్చేదే ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల పబ్లిక్ హ్యుమానిటీస్ పేరుతో నడుస్తున్న పని. ప్రశ్న ఊరు వేస్తుంది. జవాబు పది నోళ్ల నుంచి వస్తుంది. ఫలితం ఊళ్లో, అందరికీ అందేచోట నిలుస్తుంది. చరిత్ర, సాహిత్యం, శాసనాలు, భాష చదువుకున్నవాళ్లు పక్కన కూర్చుని పద్ధతి నేర్పుతారు, తప్పులు పట్టుకుంటారు. విజయవాడ, గుంటూరుల్లో ఈ పనికి కావలసినవి చాలా వరకు ఇప్పటికే ఉన్నాయనీ, వాటిని ఒకచోటికి చేర్చడమే మిగిలిందనీ నా నమ్మకం. అది ఎలాగో చెప్పే ముందు ఈ పని చుట్టూ పేరుకున్న గందరగోళాన్ని కొంత విడదీయాలి.

ఏది అవును, ఏది కాదు

మన దగ్గర స్థానిక చరిత్ర అనగానే మూడు రకాల పనులు గుర్తొస్తాయి. ఒకటి వారసత్వ నడక: ఆదివారం పొద్దున్నే నలభై మంది మొగల్రాజపురం గుహల దగ్గర చేరి, ఒకాయన చెప్పేది విని, ఫొటోలు దిగి ఇళ్లకు పోవడం. రెండోది సావనీరు: ఊరి గుడి ప్రతిష్ఠకో, హైస్కూలు స్వర్ణోత్సవానికో వేసే రంగుల పుస్తకం. మూడోది స్థల పురాణం. ఈ మూడూ మంచివే, మూడూ కావాలి. కానీ వీటిలో దేన్లోనూ విచారణ లేదు. ఒకరు చెబుతారు, మిగిలినవారు వింటారు.

స్థల పురాణాన్ని పక్కన పెట్టేయాలని మాత్రం అనను. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడన్నది బెజవాడ ప్రాణంలో ఉన్న కథ. ఆ కథకు ఎన్నేళ్ల వయసుందో, ఏ శాసనంలో, ఏ కావ్యంలో ఏ రూపంలో కనిపిస్తుందో వెతకడం మంచి చరిత్ర పని. అదే కొండ పరిసరాల్లో దొరికిన యుద్ధమల్లుని శాసనం పదో శతాబ్దిది. మధ్యాక్కర అనే ఛందస్సులో చెక్కిన ఆ తెలుగు పద్యాలు కార్తికేయుడి గుడి గురించి మాట్లాడతాయి. దుర్గమ్మ కొండ దగ్గర కుమారస్వామి గుడి ఏమిటి, ఆ కొలువు తర్వాత ఏమైంది? ఈ ప్రశ్న భక్తుడికీ ఆసక్తికరమే, చరిత్రకారుడికీ ఆసక్తికరమే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగే ప్రశ్నలు ఇలాంటివి.

పురాణం కన్నా చిక్కైనది మొన్నమొన్నటి చరిత్ర. అందరికీ తెలిసిందే అనుకునే విషయం తీసుకుందాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీ వచ్చాడు. మన పింగళి వెంకయ్య జెండా నమూనా ఇచ్చాడు. ఇంతవరకు నిజం. "ఆ సమావేశంలోనే జాతీయ జెండాను ఆమోదించారు" అని చాలామంది చెబుతారు, రాస్తారు. గాంధీ ఆ ఏప్రిల్ 13న తన పత్రిక యంగ్ ఇండియాలో రాసింది చదివితే కథ ఇంకోలా ఉంది. వెంకయ్య ఏళ్లుగా పట్టు విడవకుండా జెండా గురించి తిరుగుతున్నాడు. రాట్నం ఉంచమన్న సలహా జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడలో గాంధీ అడగ్గానే వెంకయ్య మూడు గంటల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నం వేసి తెచ్చాడు. కానీ అప్పటికే కాస్త ఆలస్యమై, అది కమిటీ ముందుకు రాలేదు. ఆలస్యం కావడమే మంచిదైందనీ, మిగిలిన మతాలవారి కోసం తెలుపు కూడా ఉండాలని తర్వాత తోచిందనీ గాంధీ రాశాడు. కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చలతో జెండాను స్థిరపరిచింది 1931లో. రాట్నం స్థానంలో ధర్మచక్రంతో రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న.

దీనివల్ల వెంకయ్య గొప్పతనం తగ్గిందా? నా దృష్టిలో పెరిగింది. ఆమోదం అనే ఒక్క ముక్కలో ఆయన ఏళ్ల పట్టుదల, ఆ మూడు గంటల హడావుడి, పంజాబు నుంచి వచ్చిన ఆలోచన, తెలుపు చేరిన కారణం అన్నీ మాయమైపోతున్నాయి. విజయవాడ బాపూ మ్యూజియంలో, అంటే 1887లో పునాది వేసిన ఆ పాత విక్టోరియా జూబిలీ హాల్లో, పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి గాంధీ వ్యాసం ఒకటి, ఆనాటి పత్రికా వార్త ఒకటి, ఇప్పటి పాఠం ఒకటి ముందు పెట్టి "ఈ మూడింటిలో తేడా ఎక్కడుంది, ఎందుకుంది" అని అడిగితే అది ఒక పూటలో అయ్యే పబ్లిక్ హ్యుమానిటీస్ కార్యక్రమం. అద్దాల బీరువా ముందు నడిపించి పంపితే అది విహారయాత్ర.

ఇది మనకు కొత్తేమీ కాదు

అమెరికాలో 1965లో ఒక చట్టం చేసి మానవీయ శాస్త్రాలకు జాతీయ నిధి పెట్టారు. తర్వాత రాష్ట్రానికొకటి చొప్పున మండళ్లు వచ్చాయి, ఇప్పుడు 56 ఉన్నాయి. చిన్న ఊరి గ్రంథాలయమో, చర్చి సంఘమో, రైతుల క్లబ్బో ఒక ప్రశ్నతో వస్తే కొద్దిపాటి డబ్బిచ్చి, ఒక పండితుణ్ణి జోడించడం వాటి పద్ధతి. ఇంగ్లండులో 1967 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీలో కార్మిక సంఘాల నుంచి వచ్చిన వయోజన విద్యార్థులు తమ వృత్తుల చరిత్ర తామే రాసుకున్నారు. స్వీడన్‌లో 1970లు, 80లలో కార్మికులు బృందాలుగా కూడి తాము పనిచేసే ఫ్యాక్టరీల చరిత్ర తవ్వారు. మన దేశంలో అహ్మదాబాదు నగరపాలక సంస్థ 1997 నవంబరు 19న మొదలుపెట్టిన వారసత్వ నడక ఇరవై ఏళ్లలో ఆ పాత నగరాన్ని యునెస్కో జాబితాకు చేర్చిన ప్రయాణంలో భాగమైంది. హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన సభ్యులు 1980లలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను టేపుల్లో పట్టి తెచ్చారు. అంతవరకు పార్టీ చరిత్రల్లో ఒక వాక్యంగా ఉన్నవాళ్లు తమ గొంతుతో మాట్లాడారు.

అమెరికా కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ రాష్ట్ర మండళ్లకు ఇవ్వాల్సిన నిధులను హఠాత్తుగా రద్దు చేసింది. యాభై ఏళ్ల సంస్థలు రాత్రికి రాత్రి సిబ్బందిని, కార్యక్రమాలను కుదించుకోవలసి వచ్చింది. డబ్బు ఒక్క చోటి నుంచే వస్తే ఎంత మంచి పనికైనా ఆ గండం తప్పదు.

మన సంగతికొస్తే, 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు మొదటిసారి సభ చేశారు. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం, వెనకుండి నడిపినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. అప్పటి గ్రంథాలయం పుస్తకాల బీరువా మాత్రమే కాదు. అక్కడ పత్రిక పైకి చదివేవారు, చదువు రానివారు చుట్టూ కూర్చుని వినేవారు. రాత్రి బడులు, ఉపన్యాసాలు, హరికథలు నడిచేవి. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ వెంట ఊరూరికీ పంపించాడు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను ఎంత జాగ్రత్తగా దాచిందంటే, ఇవాళ తెలుగు సాంఘిక చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు అక్కడికి వెళ్లక తప్పదు. అంతకు ముందే, 1906లో, పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్రం మామూలు పాఠకుడికి తేట తెలుగులో అందించాడు. ఈ పనుల్లో ఏ ఒక్కటీ సర్కారు పథకం కాదు.

అందుకే ఎవరైనా ఇది పరాయి దేశపు ఫ్యాషన్ అంటే నేను ఒప్పుకోను. నూరేళ్ల కిందట ఈ నేల మీద బాగా నడిచిన పని మధ్యలో ఆగింది, అంతే.

జ్ఞాపకానికి తేదీ కట్టడం

ఈ పనిలో కొత్తవాళ్లకు మొదట ఎదురయ్యే అనుమానం: ముసలివాళ్లు చెప్పేదాన్ని ఎలా నమ్మాలి? తేదీలు చెప్పలేరు, వరుస తప్పుతారు, విన్నదాన్ని చూసినట్టు చెబుతారు. నిజమే. అయితే మన పెద్దలు కాలాన్ని అంకెల్లో కాకుండా ఘటనల్లో గుర్తుపెట్టుకుంటారు. "ఉప్పెన వచ్చిన ఏడు మా పెద్దోడు కడుపులో ఉన్నాడు" అంటే 1977 నవంబరు 19కి అటూ ఇటూ లెక్క కట్టొచ్చు. దివిసీమను ముంచిన ఆ రాత్రి పదివేల మందికి పైగా పోయారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ తరం మనిషి దాన్ని మరిచిపోవడం జరగదు. "జై ఆంధ్రప్పుడు కాలేజీ మూసేశారు" అంటే 1972-73. "ఆనకట్ట తెగినప్పుడు" అంటే 1952. 1855 నాటికి పూర్తయిన పాత కృష్ణా ఆనకట్ట ఆ ఏడు తెగాకే దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ లేచింది. పల్నాడు రైతు "సాగరు కాలవ రాకముందు జొన్న, వచ్చాక వరి" అంటే 1967 చుట్టుపక్కల గీత గీయొచ్చు.

కాగితాల్లోనూ ఇలాంటి చిక్కు ఉంది. పాత దస్తావేజులో "నందన నామ సంవత్సరం" అని ఉంటే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. రాసిన కాగితం తీరు, అందులోని నాణేల పేరు, కరణం పేరు పట్టుకుని ఏ నందనో తేల్చాలి. 1832-33 నందన అయితే అది గుంటూరు జిల్లాను తుడిచిపెట్టిన కరువు ఏడు. జనం దాన్ని డొక్కల కరువన్నారు. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గోదావరి, కృష్ణా నదుల మీద ఆనకట్టలు కట్టాలన్న వాదానికి బలమిచ్చిన కారణాల్లో అదొకటి. ఆ ఏడు తర్వాత ఒక ఊళ్లో ఇంటిపేర్లు మారిపోతే, కొత్త కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయో అడగాలి.

ఒక మాటకు మూడు తోడులు వెతకమని నేర్పితే చాలు: ఇంకొక మనిషి, ఒక కాగితం, ఒక చోటు. కాగితాలకు కొదవ లేదు. రెవెన్యూ ఆఫీసుల్లో అడంగళ్లు, ఆర్‌ఎస్‌ఆర్‌లు (రీసెటిల్మెంట్ భూమి రిజిస్టర్లు) ఉంటాయి. బడుల్లో చేరికల రిజిస్టర్లు ఉంటాయి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ ఫాదర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చినప్పటి నుంచి పెరిగిన లూథరన్ మిషన్ సంఘాల్లో బాప్తిస్మపు పుస్తకాలున్నాయి. తమ పూర్వీకుల పేరు ఎక్కడా రాయలేదనుకునే చాలా దళిత కుటుంబాలకు అక్కడ మూడు, నాలుగు తరాల పేర్లు దొరుకుతాయి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో ఇతరచోట్ల దొరకని పాత పుస్తకాలున్నాయి. వెళ్లి అడగడం ఎలాగో తెలియకే జనం వెళ్లడం లేదు.

బుడమేరు, తుళ్లూరు

ఊరి చరిత్ర తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అనుకునేవారికి 2024 సెప్టెంబరును చూపించాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరు ఆ ఒకటో తేదీన విజయవాడ మీద పడింది. మళ్లింపు కాలువ గట్లు తెగాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలారు. బుడమేరు బెజవాడ దుఃఖదాయని అన్న పేరు అందరికీ తెలిసినా, ఏ వీధికి ఎప్పుడు ఎన్ని అడుగులు వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, ఎన్నాళ్లుంది అన్నది వీధివారీగా ఒకచోట రాసి ఉండాల్సింది. 2005లో కూడా అది ఊరి మీదికి వచ్చింది. అప్పటి నీటి మట్టం గుర్తున్నవాళ్లు ఆ వీధుల్లో ఉన్నారు. తర్వాత వచ్చి ఇల్లు కొనుక్కున్నవాళ్లకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడ ఒక కార్యక్రమం ఎలా ఉండొచ్చో చూడండి. ఒక కాలనీ గ్రంథాలయంలో గోడంత పటం పెడతారు. వారానికో వీధి వాళ్లు వచ్చి తమ ఇంటి దగ్గర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెడతారు, ఫోన్లో ఉన్న ఫొటోలు ఇస్తారు. డెబ్బై ఏళ్ల ఆమె ఒకప్పుడు వాగు ఇటు పారేదని వేలితో గీస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఆ గీతను పాత సర్వే పటంతో పోలుస్తారు. చరిత్ర లెక్చరర్ ఆ మాటలు రాసి పెడతాడు. ఆరు నెలల తర్వాత ఆ కాలనీ చేతిలో ఉండేది వరద చరిత్ర, అదే సమయంలో ఇల్లు కొనేవాడికి, పురపాలక ఇంజనీరుకు, కోర్టుకు పనికొచ్చే ఆధారం. పాత నీటి దారులెక్కడో జనానికి చూపించగలిగితే ఆక్రమణల మీద మాట్లాడేటప్పుడు వాళ్ల గొంతుకు బలం వస్తుంది.

కృష్ణకు అవతలి ఒడ్డున ఇంకో నష్టం చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల పరిధిలో ముప్పై వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. రాజధాని మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. తుళ్లూరు, మందడం, ఉద్దండరాయునిపాలెం లాంటి ఊళ్లలో రైతులు పొలాలను సర్వే నంబర్లతో పిలవరు. చెట్టు పేరుతోనో, పాత కమతగాడి పేరుతోనో, మెరక పల్లాలతోనో పిలుస్తారు. ఆ పేర్లలో నేల గుణం, నీటి తీరు, పాత యజమానులు, మాన్యాల ఆనవాళ్లు ఉంటాయి. గట్లు చెరిపి ప్లాట్లు గీశాక ఆ పేరు పలకాల్సిన అవసరమే రాదు. ఆ పొలాలు దున్నిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఊరికి పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, పాత గ్రామ పటం ముందు పెట్టి పొలం పేర్లు రాయించుకోవడానికి ఖర్చు దాదాపు లేదు. ఇంకో పదిహేనేళ్లు ఆలస్యం చేస్తే ఎంత ఖర్చు పెట్టినా దొరకవు.

ఆ పక్కనే అమరావతి స్తూపం సంగతి ఇందుకు పాత ఉదాహరణ. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తుండగా దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయి. 1798లో మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా తర్వాత లండను పోయాయి. ఈరోజు అమరావతి శిల్పం చూడాలంటే చెన్నై మ్యూజియంకో బ్రిటిష్ మ్యూజియంకో వెళ్లాలి. ఊరి మ్యూజియంలో మిగిలింది కొంతే. ఆ ఊరి పిల్లలకు తమ రాళ్ల ఫొటోలతో, ఏ ఫలకం ఎక్కడుందో తెలిపే పటంతో ఒక గది ఉంటే బాగుంటుంది.

ఎవరి చరిత్ర

ఇది చాలా కార్యక్రమాలు దాటవేసే చోటు. ఊరి చరిత్ర పేరుతో వచ్చే పుస్తకాల్లో దాతల ఫొటోలు, గుడి గోపురం, ఊరి నుంచి పైకెదిగిన అధికారులు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు ఉంటారు. వాడ ఉండదు. డబ్బు పెట్టినవాడి తాతకు రెండు పేజీలు, ఊరి చెరువు తవ్వినవాళ్లకు అరవాక్యం. కులానికొక చరిత్ర అచ్చవుతున్న కాలంలో ఊరి మొత్తానికి ఒక చరిత్ర అంటే అన్ని వాడల్లోకీ వెళ్లి అడగాలి, వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొసగకపోయినా పక్కపక్కనే ఉంచాలి.

గుంటూరు అంటే పొగాకు, మిరప. పొగాకును వేడితో ఆరబెట్టే బేరన్ల యజమానులు, కంపెనీలు, ధరల కథ దొరుకుతుంది. గ్రేడింగ్ షెడ్లలో కూర్చుని ఆకును రంగుబట్టి వేరుచేసిన ఆడవాళ్ల చేతులకు, ఊపిరితిత్తులకు తెలిసిన కథ దాదాపు ఎక్కడా లేదు. మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) మోసిన హమాలీల పాటలు, బేరాల భాష, కూలి సమ్మెల సంగతులు వాళ్లలో వాళ్లకే తెలుసు. కుగ్లర్ ఆసుపత్రి అనగానే 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గుర్తొస్తుంది. ఆవిడ పక్కన నిలబడి నర్సింగ్ నేర్చుకున్న తెలుగు అమ్మాయిలు ఎవరు, ఏ కుటుంబాల నుంచి వచ్చారు, ఆ జీతం వాళ్ల ఇళ్లలో ఏం మార్చింది?

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఇంకా కఠినమైన ఉదాహరణ. నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టడానికి 1910లలో ఏర్పడిన సెటిల్మెంటు అది. మద్రాసు ప్రభుత్వపు అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. చట్టం 1952లో రద్దయింది. పుట్టుకతోనే నేరస్తుడన్న ముద్ర మాత్రం పత్రికల్లో, సినిమాల్లో ఇంకా మిగిలింది. ఆ ఊరి గురించి కాగితాలన్నీ పోలీసులు, మిషనరీలు రాసినవి. అక్కడికి బయటివాళ్లు రికార్డర్ పట్టుకుని వెళ్లి "మీ తాత దొంగతనాల గురించి చెప్పండి" అనడం రెండోసారి అవమానించడమే. ప్రశ్న ఏమిటో ఆ ఊరే నిర్ణయించాలి. హాజరు పట్టీ గురించి మాట్లాడతారో, ఊళ్లో మొదట చదువుకున్నవాళ్ల గురించి మాట్లాడతారో, అసలు మాట్లాడరో వాళ్ల ఇష్టం. మాట్లాడకపోయే హక్కును కూడా గౌరవించాలి.

తగాదా ఉన్న చోట్ల ఏం చేయాలన్న ప్రశ్నకు గుంటూరు నడిబొడ్డునే ఒక పరీక్ష ఉంది. మహాత్మాగాంధీ రోడ్డు మీది జిన్నా టవర్. పేరు మార్చాలని గొడవ లేచింది. 2022 ఫిబ్రవరిలో దానికి మువ్వన్నెల రంగు వేశారు. ఎవరు కట్టించారన్న దానిమీద ఊళ్లో రెండు కథలు నడుస్తున్నాయి. జిన్నా పట్ల గౌరవంతో ఒక ముస్లిం ప్రముఖుడి కుటుంబం కట్టించిందని ఒకటి. మత సామరస్యానికి గుర్తుగా పురపాలక సంఘ పెద్దలు పూనుకున్నారని ఇంకొకటి. ఊరేగింపులప్పుడు ఈ ప్రశ్న తేలదు. పురపాలక సంఘం తీర్మానాల పుస్తకం, ఆనాటి పత్రికలు, రెండు వర్గాల పెద్దల జ్ఞాపకాలు ఒక గదిలోకి తెచ్చి, ఏ ఆధారం ఏ కథకు నిలుస్తుందో అందరి ముందూ చూడటం ఒక్కటే దారి. పేరు ఉంచాలా వద్దా అన్నది పౌరుల నిర్ణయం. దానికి ముందు ఏం జరిగిందో తెలుసుకోవడం చరిత్ర పని. ఈ రెండు పనులనూ ఒకే సభలో చేయకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

పద్ధతి, డబ్బు

చిన్నవిగా కనిపించే కొన్ని నియమాలు ఇక్కడ ప్రాణం. మాట్లాడేవారి అనుమతి ముందే, రాతపూర్వకంగా, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో తీసుకోవాలి. ఎక్కడ వినిపిస్తారు, ఎవరు వాడుకోవచ్చు, ఏ భాగం మూసి ఉంచాలి అన్నవి అందులో ఉండాలి. భూమి ధర నిప్పులా ఉన్న మన ప్రాంతంలో "ఆ పొలం చెక్క అసలు ఫలానావాళ్లది" అన్న ఒక్క మాట కోర్టు కాగితమై తిరిగి రావచ్చు. రాసుకున్నదాన్ని మళ్లీ ఆ మనిషికి చదివి వినిపించాలి. పలుకుబడిని దిద్దకూడదు, గుంటూరు యాసలో చెప్పిన మాటను పత్రిక భాషలోకి మారిస్తే సగం చరిత్ర పోతుంది.

తవ్వకాల జోలికి మాత్రం పోవద్దు. పునాది తీస్తుంటే విగ్రహమో, నాణేలో బయటపడితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కేంద్ర రక్షణలో ఉన్న ఉండవల్లి గుహల లాంటి కట్టడాలకు నూరు మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. చరిత్ర బృందం ఊరివాళ్లకు ఇవి చెప్పడం కూడా సేవే.

ఇక ఎక్కడ దాచాలి? ఒకరి ఫోన్లో ఉన్న రికార్డింగు ఫోన్ పాడైన రోజున పోతుంది. ఒకరి ఛానెల్లో ఉన్నది ఆయన ఆసక్తి పోయిన రోజున ఆగిపోతుంది. నా దృష్టిలో దానికి సరైన ఇల్లు జిల్లా కేంద్ర గ్రంథాలయం, ఆ ఊరి శాఖా గ్రంథాలయం. రెండు చోట్లా ప్రతులు, పుస్తకానికి వేసినట్టే రికార్డింగుకూ ఒక ప్రవేశ సంఖ్య, అడిగినవారికి వినే వీలు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. వసూలైన ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. అది చేరితే, అందులో చిన్న వంతు ఊరి చరిత్ర గదికి కేటాయిస్తే, ఎవరి దయా దాక్షిణ్యాల మీదా ఆధారపడని నిధి ఏర్పడుతుంది. దాతలు, కాలేజీలు, విజయవాడ పుస్తక మహోత్సవం లాంటి వేదికలు పక్కన తోడు నిలవొచ్చు. 1989 నుంచి జనవరి మొదటి పది పన్నెండు రోజులు ఊరంతా పుస్తకాల దగ్గరికి వచ్చే అలవాటు ఉన్న నగరం మనది. అక్కడ ఒక గుడారంలో ఒక్కో ఏడు ఒక్కో పేట తన చరిత్రను చూపించొచ్చు: ఒక ఏడు కృష్ణలంక, ఇంకో ఏడు వన్‌టౌన్, మరో ఏడు సింగ్ నగర్.

మొదలుపెట్టడానికి సెస్సు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక శాఖా గ్రంథాలయం, వారానికి రెండు గంటలు, బడి పిల్లలు ఆరుగురు, ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, ఆ పేటలో పుట్టి పెరిగిన పెద్దలు నలుగురు, ఒక్కటే ప్రశ్న. "ఈ వీధి పుట్టకముందు ఇక్కడ ఏముండేది?" అన్నది మొదటి ఏడాదికి సరిపోతుంది. జవాబు కోసం పాత పటం కావాలంటే పిల్లలు సర్వే ఆఫీసుకు అర్జీ పెట్టడం నేర్చుకుంటారు, పాత పత్రిక కావాలంటే వేటపాలెం రైలెక్కుతారు.